రీకాల్ పని అయినంక బండి ఆయిల్ తాగుతున్నది, ఎక్కడ చూడాలె?

మిర్యాలగూడ. 350 సీసీ సింగిల్ సిలిండర్. కంపెనీ లోపముందని బండ్లను వెనక్కి పిలిచిన రీకాల్‌ల క్యామ్ చైన్ టెన్షనర్ (ఇంజిన్ లోపలి చైన్‌ను బిగువుగ పట్టే భాగం) మార్చిండ్రు. అప్పటిసంది 1000 కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తగ్గుతున్నది, నీలం పొగ వస్తున్నది. బయట లీకు లేదు. షోరూమోళ్లు మామూలే అంటున్నరు.

జవాబు 1:
అది మామూలు కాదన్నా. పొగ ఎప్పుడొస్తదో చూడు. పొద్దుగాల స్టార్ట్ చేసినప్పుడే వచ్చి ఆగితే వాల్వ్ సీల్స్ (వాల్వుల కాడ ఆయిల్ లోపలికి దిగకుండ ఆపేటివి) పోయినట్టు, రేజ్ చేసినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు పోయినట్టు. ఇంజిన్ వేడి మీద ప్లగ్గు విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ (సిలిండర్ల గాలి ఒత్తిడి) కొలిపించు. తర్వాత ప్లగ్గు రంధ్రంల 5 ఎంఎల్ ఆయిల్ పోసి మళ్ల కొలవాలె. రీడింగ్ బాగా పెరిగితే రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టే.

జవాబు 2:
ఇంజిన్ హెడ్ విప్పక ముందు ఎయిర్ ఫిల్టర్ పెట్టె నుంచి థ్రాటిల్ బాడీకి పోయే రబ్బరు గొట్టం తీసి, లోపల వేలితో తుడువు. దుమ్ము అంటిందంటే క్లాంపు సరిగ బిగియ్యలే. క్వారీ లారీల రోడ్ల మీద ఆ సందు చాలు, రాతిపొడి పోయి ముందుగాల పై రింగును, బోరును గీకేస్తది. ఆయిల్ స్ట్రైనర్ (ఆయిల్‌ను వడగట్టే జాలీ) కూడా విప్పు. టెన్షనర్ కాడ సీలెంట్ ఎక్కువ పూస్తే ముక్కలు తెగి జాలీకి పడతయి, ఆయిల్ పైకి ఎక్కదు. అప్పుడు క్యామ్ (వాల్వులను తెరిచే భాగం) మీద గీతలు కనపడ్తయి.

జవాబు 3:
విప్పేది షోరూంలనే, నీ కండ్ల ముందు విప్పియ్యి. రీకాల్ జాబ్‌కార్డు నకలు తీసుకో, కంప్రెషన్ రీడింగు రాతల ఇయ్యమను. బయట మెకానిక్ ముందే విప్పితే తప్పు ఆయన మీదికి నూకుతరు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు, తర్వాత నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్. కమిషన్‌ల కేసు వేసే గడువు సమస్య వచ్చినప్పటిసంది 2 ఏండ్లు.