రెండు పడ్డాయి, పన్నెండు మిగిలాయి: కథలు రాయడం ఆపకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?

గోదారిగట్టు అడుగుతున్నది:

నమస్తే అండి. మూడేళ్లుగా కథలు రాస్తున్నాను. ఇప్పటికి 14 అయ్యాయి. రెండు ఆదివారం అనుబంధాల్లో పడ్డాయి. ఐదు "ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం" అని తిరిగొచ్చాయి. మిగతా ఏడూ పంపినచోట ఉలుకూ పలుకూ లేదు. ఉద్యోగం, ఇల్లు పోను రాత్రి పది తర్వాతే కాస్త తీరిక. అనుభవం ఉన్నవాళ్లు మూడు సంగతులు చెప్పండి. జవాబు రాని కథ కోసం ఎన్నాళ్లు ఆగాలి? పంపేముందు ఎవరికి చూపించాలి? ఇంట్లోవాళ్లు "బాగుంది" అంటారు, అంతకుమించి ఏమీ అనరు. మూడోది అడగడానికి మొహమాటంగా ఉంది గానీ అసలు బాధ అదే. మొదటి ఏడాది రాస్తున్నప్పుడు ఉన్న సంతోషం ఇప్పుడు లేదు. కూర్చోగానే "ఇది పడుతుందా, పడదా" అన్న ఆలోచనే ముందొస్తోంది.

రూళ్లపుస్తకం జవాబు:

మొదటి ప్రశ్న వరకు చెప్తానండి. ఒక రూళ్ల నోటుపుస్తకం కొనండి. ఒక్కో కథకి ఒక్కో పేజీ ఇవ్వండి. పైన కథ పేరు, ఎన్ని పదాలు. కింద గడులు: ఎక్కడికి పంపారు, ఏ తేదీన, ఏం జవాబొచ్చింది, మళ్లీ ఎప్పుడు గుర్తుచేశారు. కథకో పేజీ ఎందుకంటే ఒకే కథ మూడు నాలుగు గుమ్మాలు తిరుగుతుంది. అన్నిటినీ ఒకే వరసలో రాసుకుంటే ఏది ఎక్కడుందో ఆరు నెలల్లో మీకే తెలీదు.

పత్రిక తన గడువు ప్రకటించి ఉంటే అదే లెక్క. లేకపోతే 90 రోజులు ఆగండి. ఆ తర్వాత మూడంటే మూడు వాక్యాల మెయిలు పెట్టండి. ఫలానా తేదీన ఫలానా కథ పంపాను. పరిశీలనలో ఉందో లేదో తెలియజేయగలరు. 15 రోజుల్లో మీ నుంచి సమాచారం రాకపోతే కథను ఉపసంహరించుకున్నట్టు భావించగలరు. ఈ మూడో వాక్యం వదలొద్దు. అది రాయకుండా రెండోచోటికి పంపారనుకోండి, మొదటివాళ్లు ఐదో నెలలో వేసేస్తారు, ఆ పక్కవారమే రెండోవాళ్లూ వేస్తారు. కథతోపాటు మీరు సంతకం పెట్టి పంపిన హామీపత్రం అబద్ధమవుతుంది, ఇద్దరు సంపాదకుల దగ్గరా మాట పోతుంది. ఒకసారి పోయిన ఆ మాట మళ్లీ సంపాదించుకోవడం చాలా కష్టం.

హామీపత్రంలో ఉండాల్సినవి: కథ సొంతం, అనువాదమో అనుసరణో కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు. ఫేస్‌బుక్‌లో పెట్టినదాన్నీ, కథల యాప్‌లో పెట్టినదాన్నీ చాలామంది సంపాదకులు అచ్చయినట్టే లెక్కేస్తారు. అందుకని పంపదలచుకున్న కథని ముందే గోడ మీద పెట్టకండి. పోటీలకైతే కథ ఉన్న కాగితం మీద మీ పేరు ఎక్కడా కనపడకూడదు. పేరు, చిరునామా, ఫోను నంబరు హామీపత్రంలోనే. సంక్రాంతి, ఉగాది, దీపావళి కథలు కనీసం రెండున్నర నెలల ముందు చేరాలి. పండగ వారంలో పంపిన పండగ కథ మళ్లీ ఏడాదిదాకా ఎవరికీ పనికిరాదు.

తిరిగొచ్చిందంటే కథ బాలేదనే అర్థం తీసుకోకండి. వారానికి ఒకే కథ వేసే అనుబంధంలో ఏడాదికి చోటు 52 కథలకే. అందులో పండగ సంచికలకీ బహుమతి కథలకీ పోయేవి పోతాయి. పైగా పేజీ కొలత ఉంటుంది. మీరు పంపబోయే పత్రికలో ఈమధ్య వచ్చిన ఎనిమిది కథలు తీసుకుని పదాలు లెక్కపెట్టండి. అన్నీ 1200 దగ్గర తిరుగుతుంటే మీ 2200 పదాల కథకి అక్కడ చోటే లేదు, ఎంత బాగున్నా సరే. అలాంటిదాన్ని కోసి కురచ చెయ్యకండి. నిడివి పట్టింపు లేని వెబ్ పత్రికకి పంపండి.

"నలుగురిలో" జవాబు:

రెండో ప్రశ్న మీద నాకు పట్టుదల ఉంది, కాస్త వివరంగానే రాస్తాను.

ఐదుగురో ఆరుగురో చాలు. అందరూ రాసేవాళ్లే కానక్కర్లేదు, బాగా చదివేవాళ్లు ఇద్దరుంటే మరీ మంచిది. నెలకి ఒక్కసారి, తేదీ మారకుండా, ఉదాహరణకి రెండో ఆదివారం సాయంత్రం 4 నుంచి 6. రెండే కథలు. నాలుగు రోజుల ముందే అందరికీ చేరాలి. మూడో కథ పెట్టారా, మూడింటికీ అన్యాయం జరుగుతుంది.

కూర్చున్నాక కథ మొదటి పేజీని రాసినవాళ్లు చదవకూడదు, ఇంకొకరు పైకి చదవాలి. రాసినవాళ్లు చదివితే లేని విరుపులు గొంతుతో పెట్టేస్తారు. వేరేవాళ్లు చదివేటప్పుడు ఎక్కడ తడబడ్డారో అక్కడ వాక్యం బాలేదని లెక్క. పెన్సిలుతో చిన్న గీత పెట్టుకోండి. తర్వాత 20 నిమిషాలు రాసినవాళ్లు నోరు విప్పకూడదు. మిగతావాళ్లు మూడే చెప్పాలి: ఎక్కడ ఆగిపోయారు, ఎక్కడ వెనక్కెళ్లి మళ్లీ చదవాల్సొచ్చింది, పుస్తకం మూసేశాక ఏం గుర్తుంది. "నేనైతే ముగింపు ఇలా పెడతాను" అన్న మాట నిషేధం. ఎందుకంటే అక్కణ్ణించి వాళ్ల కథ మొదలవుతుంది, మీ కథ ఆగిపోతుంది. ఆరుగురిలో నలుగురు ఒకేచోట ఆగితే అక్కడ తప్పుంది. ఒక్కరే ఆగితే రాసుకోండి, తొందరపడి మార్చకండి.

ఇలాంటి సమావేశాలు సాధారణంగా మూడో నెలలో చెదిరిపోతాయి. ఒక పెద్దాయన మాట్లాడటం మొదలుపెడితే మిగతావాళ్లు వినేవాళ్లయిపోతారు. అందుకే మాట వరసగా తిరగాలి, మనిషికి నాలుగు నిమిషాలు, ఫోనులో టైమరు పెట్టుకోండి. ఇంకోటి, వాట్సాప్ గుంపులో పెట్టిన కథకి దండాలూ పూలగుత్తులూ వస్తాయి, చదివిన దాఖలా రాదు. గుంపుని తేదీ, చోటు చెప్పుకోవడానికి మాత్రమే వాడండి. అచ్చుతప్పులు మాట్లాడుతూ గంట గడిపేయడం కూడా మామూలే. అవి కాగితం మీద దిద్ది ఇచ్చేస్తే సరిపోతుంది. ఊరు దూరమైతే వీడియో కాల్ పెట్టుకోవచ్చు. విదేశాల్లో ఉన్నవాళ్లు కలిస్తే వేళలు ఒకసారి మనకి అనువుగా, ఒకసారి వాళ్లకి అనువుగా మార్చుకోండి, లేకపోతే ఎప్పుడూ ఒకరే నిద్ర చెడగొట్టుకుంటారు.

మగ్గంగుంట జవాబు:

మూడో ప్రశ్న సంగతి చెప్తా. "పడుతదా" అన్న ఆలోచన ఎక్కువైతుందంటే రాసేటందుకు కొత్త సరుకు తక్కువైందని అర్థం. ఇంట్ల కూసుని ఇంకో కథ గుంజకండి. బయటికి పోవాలె.

ఒక పని తీసుకోండి. చేనేతనే అనుకుందాం. "మగ్గం టకటకలాడింది" అని అందరూ రాస్తరు. అదే పోచంపల్లి దిక్కు పోయి ఒక పూట ఆసు పోసే, అంటే నేసే ముందు దారాన్ని మొలల చుట్టూ తిప్పే, ఇంట్ల కూసుంటే ఏం కనవడ్తదో చూడండి. అర్ధచంద్రం లెక్క చెక్క, దాని అంచు పొడుగూత మొలలు, నడిమిట్ల ఒక మొల. దారం ఆడికీ ఈడికీ పోతనే ఉంటది. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు తిరగాలె. ఆ తర్వాతనే చిటికి కట్టుడు (రంగు అంటొద్దన్న చోట దారాన్ని బిగించి కట్టుడు), రంగులద్దుడు, కండెలు చుట్టుడు, నేసుడు. చేనేత ఇంట్ల పుట్టిన చింతకింది మల్లేశం గారు 1999ల ఈ పని చేసే లక్ష్మీ ఆసు యంత్రం తెచ్చింది వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకనే. ఎడమ చేత్తోని కుడి భుజం ఒత్తుకుంటనే మాట్లాడే మనిషి మీ కథలకు వస్తే, ఆమె కష్టం గురించి వేరే వాక్యం రాసే పని ఉండది.

పోయేటప్పుడు పద్ధతి ఉంది. ముందుగాల చెప్పి పోవాలె, పని నడుస్తుంటే ఆపొద్దు. మొదటి గంట పుస్తకం తీయొద్దు, ఫోనుల రికార్డు చేయొద్దు. పనిముట్ల పేర్లు అడిగితే సంతోషంగ చెప్తరు. అప్పుల గురించి మొదలే అడిగితే మూసుకుంటరు. బయటికొచ్చినంక బస్సు ఎక్కకముందే విన్న మాటలు విన్నట్టే రాసుకోండి, ఇంటికొచ్చేసరికి సగం పుస్తక భాష అయిపోతది. కథ అయినంక మళ్ల పోయి వాళ్లకు చదివి వినిపించండి. పేరు తప్పు రాస్తే అక్కడిక్కడ దిద్దుతరు. ఆ దిద్దుడు సంపాదకుడు చేయలేడు.

రోజూ అయితే 30 నిమిషాలు చాలు. దాంట్ల 10 నిమిషాలు ఆ రోజు చెవుల పడ్డ ఒక మాటను రాయండి, ఏ కథకు అని ఆలోచించకండి. నెలకు 30 మాటలు. వాటిల రెండు మూడు కథలై లేస్తయి.

ఆదివారంఫోను జవాబు:

పైవాళ్లు చెప్పనిది ఒకటుంది. మన వారపత్రికల్లో, అనుబంధాల్లో కథ కింద రచయిత ఫోను నంబరు వేసే అలవాటు ఇంకా ఉంది. కథ పడిన ఆదివారం పొద్దున్నుంచే ఫోన్లొస్తాయి, ఎక్కడెక్కడి ఊళ్లనుంచో. ఆ రోజు పక్కన కాగితం పెట్టుకోండి. ఏ ఊరు, ఏం పని చేస్తారు, కథలో ఏ చోటు పట్టుకున్నారు, ఇవి అడిగి రాసుకోండి. మీరు కథని వివరించకండి, వాళ్లని మాట్లాడనివ్వండి. "మా నాన్న కూడా అంతే" అని మొదలయ్యే ఫోను ఒక్కటొచ్చినా, ఆ కథ ఎవరికోసం రాశారో మీకే తెలుస్తుంది. ఆడవాళ్లకి వేళాపాళా లేని ఫోన్లు కూడా వస్తాయి కాబట్టి ఈమెయిలు మాత్రమే వెయ్యమని పత్రికని కోరండి, లేదా వేరే సిమ్ వాడండి.

ఎదుటివాళ్ల కథ నచ్చితే మీరూ ఫోను చెయ్యండి. పొద్దున పది దాటాక, ఐదు నిమిషాలకి మించకుండా, "కథ బాగుంది" అని ఆగిపోకుండా ఒక్క వాక్యమో, ఒక్క సన్నివేశమో పట్టుకుని చెప్పండి. నెలకి ఇద్దరితో అలా మాట్లాడితే, నలుగురిలో గారు చెప్పిన ఆరుగురూ ఏడాదిలో అక్కడే దొరుకుతారు.

శ్రీకాకుళం కథానిలయం గురించీ చెప్పాలి. కాళీపట్నం రామారావు గారు 1997లో మొదలుపెట్టినది, తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని. మీకు ఇష్టమైన రచయిత ఒకరిని తీసుకుని, వాళ్ల కథలు పేరున్నవి కాకుండా అచ్చయిన ఏడాది వరసలో చదవండి. మొదటి పది కథల్లో తడబాటు కనపడుతుంది, ఏ కథ దగ్గర గొంతు కుదిరిందో కూడా కనపడుతుంది. రామారావు మాస్టారే మధ్యలో కొన్నేళ్లు కథలు రాయకుండా ఉన్నారు. ఆ తర్వాత రాసినవే ఆయన్ని నిలబెట్టాయి. మీకు ఆర్నెల్లు రాయబుద్ధి కాకపోతే కంగారుపడకండి. చదవడం మాత్రం మానొద్దు.

గోదారిగట్టు:

అందరికీ వందనాలండి. నోటుపుస్తకం ఈరోజే కొన్నాను, జవాబు రాని ఏడింటికీ మెయిళ్లు రేపు వెళ్తాయి. తిరిగొచ్చిన ఐదింటిలో ఏది మళ్లీ రాయాలో, ఏది పక్కన పెట్టాలో ఎలా తెలుస్తుంది?

రూళ్లపుస్తకం జవాబు:

ఐదింటినీ చదవకండి. ముందు ఒక్కోదాని గురించి రెండు వాక్యాలు జ్ఞాపకం మీద రాయండి: ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డం. రాయలేకపోయిన కథని పక్కన పెట్టెయ్యండి, అందులో ఇంకా కథ లేదు. రాయగలిగినవాటికి మొదటి పేజీ తియ్యండి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. "తూర్పున సూర్యుడు ఉదయిస్తున్నాడు. పక్షులు కిలకిలమంటున్నాయి. రామయ్య నిద్రలేచి పొలానికి బయల్దేరాడు" అని మొదలైన కథ ఉందనుకోండి. అసలు సంగతి మూడో పేరాలో ఉంటుంది, మోటారు ఎవరో ఎత్తుకుపోయారని. అలాంటప్పుడు మొదటి రెండు పేరాలూ కొట్టేసి, "షెడ్డు తాళం వేసినట్టే ఉంది. లోపల మోటారు లేదు" అని మొదలుపెట్టి చూడండి. రామయ్య ఎవరో, ఎంత అప్పు చేసి కొన్నాడో తర్వాత ఎక్కడైనా సర్దుకుంటుంది.

అలా దిద్దినదాన్ని పది రోజులు ముట్టుకోకండి. పదకొండో రోజు చదివినప్పుడు మీకే తర్వాతేమవుతుందా అనిపిస్తే నలుగురిలో గారి పద్ధతిలో చూపించి పంపండి. మొదట తిప్పిపంపిన పత్రికకి మాత్రం అదే కథ మళ్లీ పంపకండి, వాళ్లు మార్చి పంపమని అడిగితే తప్ప.