శరణు కోరి వచ్చినవాళ్ల బస ఖర్చు న్యూయార్క్ నగరం ఎందుకు మోయాలి?

ఎడిసన్ తెలుగు:
శరణు కోరి వచ్చినవాళ్లకు న్యూయార్క్ నగరం రూజ్‌వెల్ట్ హోటల్లో నడిపిన శిబిరం 2025 జూన్‌లో మూతపడింది. గొడవ మాత్రం సద్దుమణగలేదు. నిన్న మా పాట్‌లక్ విందులో ఇదే వాదన నడిచింది, అందుకే ఇక్కడ పెడుతున్నా. 2022 నుంచి ఇలా రెండు లక్షల మందికి పైగా న్యూయార్క్ చేరారు. మూడేళ్లలో 1,200 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని అప్పటి మేయర్ ఎరిక్ ఆడమ్స్ 2023 ఆగస్టులో చెప్పారు. ఆ ఏడాది చివర్లో ఖర్చులు తగ్గిస్తూ చాలా లైబ్రరీలను ఆదివారాలు మూసేశారు. పన్ను కట్టే కుటుంబం పిల్లలు లైబ్రరీకి వెళ్లలేకపోతే ఆ కోపం తప్పెలా అవుతుంది? మనం గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి లైన్లో ఉన్నాం. హోటల్ గది మనకెవరూ ఇవ్వలేదు.

క్వీన్స్ నుంచి:
గ్రీన్‌కార్డు బాధ నాకూ ఉంది. కానీ ఆ లైన్ వేరు, ఇది వేరు. గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతమే అని పరిమితి పెట్టింది అమెరికా చట్టసభ. వెనెజువెలా నుంచి శరణు కోరి వచ్చిన తల్లి మన నంబరేమీ తీసుకోలేదు.

ఇక ఆ గది ఆడమ్స్ దయతో ఇచ్చింది కాదు. 1979లో ఇల్లులేని వాళ్ల తరఫున ఒక కేసు పడింది. 1981లో నగరం కోర్టులో రాజీకి ఒప్పుకుంది. అడిగినవాళ్లకు తలదాచుకునే చోటు ఇవ్వాలన్న బాధ్యత అక్కడ మొదలైంది. సరిహద్దు ఎవరు దాటాలో తేల్చేది వాషింగ్టన్, బస్సులు ఎక్కించి పంపింది టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబాట్, బిల్లు పడింది న్యూయార్క్ మీద. కోపం ఉండాల్సిందే, అది ఎవరి మీదన్నదే ప్రశ్న.

పన్ను చెల్లింపుదారు:
బిల్లు అంత పెరగడానికి కారణం కోర్టు ఒక్కటే కాదండీ. టెండర్ లేకుండా ఇచ్చిన కాంట్రాక్టుల సంగతి ఎవరూ మాట్లాడరేం? డాక్‌గో అనే కంపెనీకి 43 కోట్ల 20 లక్షల డాలర్ల పని అలాగే ఇచ్చారు. నగర ఖర్చుల లెక్కలు చూసే అప్పటి కంప్ట్రోలర్ బ్రాడ్ లాండర్ ఆమోదించనన్నా ముందుకెళ్లారు. రూజ్‌వెల్ట్ హోటల్ యజమాని పాకిస్తాన్ ఎయిర్‌లైన్స్ అని మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిప్పారు. అప్పట్లో అది నిజమే. కానీ ఆ హోటల్ ఎవరిదైనా మనకేం? అద్దె ఎంత, ఎవరు బేరమాడారు అన్నది అడగండి.

క్వీన్స్ నుంచి:
అసలు డబ్బు పోయిన చోటు ఇంకొకటుంది, నన్నడిగితే అదే పెద్దది. శరణు దరఖాస్తు పెట్టాక 150 రోజులు ఆగితే గానీ వర్క్ పర్మిట్‌కు అప్లై చేయనివ్వరు. చేతికి రావాలంటే కనీసం 180 రోజులు. వకీలు దొరక్క దరఖాస్తే ఆలస్యమైతే గడియారం ఇంకా వెనకే మొదలవుతుంది. అన్నాళ్లూ పని చేయగల మనిషిని ఖాళీగా కూర్చోబెట్టి, అతని గది అద్దె నగరం కడుతుంది. 2015కి ముందు హెచ్4 వీసా మీద, అంటే హెచ్1బీ ఉద్యోగుల భార్యలుగా వచ్చిన మన ఆడవాళ్లను అడగండి, చదువుండీ పనికి వెళ్లలేకపోవడం ఎలా ఉంటుందో చెబుతారు. సబ్‌వేలో వీపున బిడ్డను కట్టుకుని, చూయింగ్ గమ్, చాక్లెట్లు పేర్చిన అట్టపెట్టె పట్టుకుని బోగీ బోగీ తిరిగే ఆడవాళ్లను మీరూ చూసే ఉంటారు. ఆవిడ ఊరికే కూర్చుని తినాలనుకుంటే పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ రైళ్లలో తిరగదు.

ఎడిసన్ తెలుగు:
పర్మిట్ త్వరగా ఇవ్వాలన్నదానికి నాకు అభ్యంతరం లేదు. గడువు లేని బసకే అభ్యంతరం. టెక్సాస్ నుంచి వచ్చే బస్సులకు ఆడమ్స్ ఆంక్షలు పెట్టగానే 2023 చివర్లో అవి న్యూజెర్సీ స్టేషన్లకు మళ్లాయి, మా ఎడిసన్‌కు కూడా. మా మేయర్ శామ్ జోషి, వాళ్లను బస్సెక్కించి సరిహద్దుకే తిప్పి పంపుతామన్నారు. ఆయన కుటుంబమూ వలస వచ్చిందే కదా అని కొందరు తప్పుపట్టారు. నేను తప్పుపట్టను. చెప్పాపెట్టకుండా తెల్లారేసరికి బస్సు దింపేస్తే చిన్న టౌన్ ఏం చేస్తుంది?

పన్ను చెల్లింపుదారు:
టౌన్‌కు ముందే చెప్పాలి, డబ్బు ఫెడరల్ ఖజానా నుంచి రావాలి. అంతవరకూ మీతోనే ఉన్నాను. మనుషుల్ని వెనక్కి తోసేయడం దగ్గర మాత్రం మీతో రాలేను.

క్వీన్స్ నుంచి:
గడువు అంటున్నారు కాబట్టి ఒక్క మాట. పెట్టారు కదా. ఒంటరి పెద్దలకు 30 రోజులు, కుటుంబాలకు 60 రోజులు. 2024 జనవరి నుంచి కుటుంబాలు గడువు తీరగానే సామాన్లు సర్దుకుని మళ్లీ మొదట్నుంచి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. కొత్త గది ఇంకో బరోలో, అంటే నగరంలోనే ఇంకో భాగంలో పడితే, పాత బడి వదులుకోలేని పిల్ల గంటకు పైగా రైళ్లు మారుతూ వెళ్లాలి. దానివల్ల నగరానికి ఎంత మిగిలింది, ఆ పిల్ల చదువు ఎంత పోయింది? ఎడిసన్ గారూ, మీ లెక్కలో ఈ రెండో అంకె ఎక్కడ వేశారో చెప్పండి.

ఎడిసన్ తెలుగు:
బడి ఉన్న నెలల్లో కుటుంబాల్ని కదపొద్దు, దానికి సరే. వేసవి సెలవుల్లో గడువు పెట్టనివ్వండి. ఒంటరి పెద్దల విషయంలో మాత్రం నా మాట మార్చను.