అప్‌డేట్: ఆ గులాబీ కాలనీలు క్లెబ్సియెల్లావే
యూరిన్ కల్చర్‌లో మెకాంకీ అగార్ (బాక్టీరియాని పెంచే జెల్లీ) మీద గులాబీ కాలనీలు, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూసే గ్రామ్ స్టెయిన్‌లో ఎర్రటి కడ్డీలు వచ్చాయి, ఈ బాక్టీరియా ఈ.కోలైనా, క్లెబ్సియెల్లానా అని అడిగాను కదా. తేలిపోయింది: క్లెబ్సియెల్లా న్యుమోనియే.

మీలో ఒకరు చెప్పినట్టు కాలనీని లూప్‌తో (చివర చిన్న వలయం ఉన్న సన్నటి తీగ) తాకి పైకి లాగితే జిగురు తీగలా సాగింది. అలా జిగురుగా ఉండేవి ఎక్కువగా క్లెబ్సియెల్లా కాలనీలే కాబట్టి సగం అనుమానం అక్కడే తీరింది. బాక్టీరియా ఇండోల్ అనే పదార్థం తయారుచేస్తోందా అని చూసే కోవాక్స్ రీఏజెంట్ వేస్తే ఎర్ర రింగు రాలేదు, పసుపుగానే ఉండిపోయింది. అంటే ఇండోల్ నెగటివ్. సిట్రేట్ స్లాంట్ (సిట్రేట్ వాడుకుని పెరుగుతుందా అని చూసే వాలు జెల్లీ ట్యూబు) మాత్రం సాయంత్రం ఆకుపచ్చగా పెడితే పొద్దున్నకి ముదురు నీలం, అంటే పాజిటివ్! ఈ.కోలై అయితే రెండూ తిరగబడేవి. టీఎస్ఐ (చక్కెరల్ని పులియబెడుతుందా అని చూసే ట్యూబు) చూడమన్నవారికి: పైనా కిందా పసుపు, గ్యాస్. ఈ.కోలైకీ అంతే కాబట్టి దానివల్ల ఒరిగిందేం లేదు.

ఇప్పుడు ఏ మందు పనిచేస్తుందో చూడ్డానికి ముల్లర్ హింటన్ అగార్ మీద యాంటీబయాటిక్ డిస్కులు పెడుతున్నాం. యాంపిసిలిన్ దండగని సార్ తీయించేశారు, ఈ జాతి మీద అది పుట్టుకతోనే పనిచేయదట.