అప్‌డేట్: ట్రాకర్‌లో గురుత్వ త్వరణం 0.61 వచ్చిన సమస్య తీరింది

ఈ సమస్య గురించి పోయిన వారం ఇక్కడ అడిగింది నేనే. అనంతపురంలో మా కాలేజీ మెట్ల మీద నుంచి టెన్నిస్ బంతి వదిలి, ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి ట్రాకర్‌లో (వీడియోలో కదలికను కొలిచే సాఫ్ట్‌వేర్) పెడితే గురుత్వ త్వరణం 9.8 మీ/సె²కి బదులు 0.61 వచ్చింది.

అప్పుడు జవాబిస్తూ ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములో) చూడమన్న అన్న చెప్పిందే నిజం. ఫోన్ తీసింది సెకనుకు 120 ఫ్రేములు, వీడియో ఫైల్‌లో నమోదైన రేటు మాత్రం 30. దాంతో ట్రాకర్ ఒక్కో ఫ్రేముకు 0.0083 సెకన్లకు బదులు 0.033 లెక్కేసింది. కాలం నాలుగింతలైతే త్వరణం పదహారో వంతుకు పడిపోతుంది కదా! క్లిప్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటు 120 చేశాక 9.7 వచ్చింది. ఎంత సంతోషమేసిందో!

మీటరు స్కేలు మళ్లీ మళ్లీ కొలిచాను, బంతిని చేత్తో ఒక్కో ఫ్రేములో గుర్తుపెట్టాను. వాటిలో తప్పేమీ లేదు. స్టెప్ సైజు (ఒక్కోసారి ఎన్ని ఫ్రేములు ముందుకు దాటాలన్నది) మార్చినా తేడా రాలేదు, ఎన్ని ఫ్రేములు దాటినా సాఫ్ట్‌వేర్ ఆ కాలాన్ని తనే కలుపుకుంటుంది. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.