లిథియం బ్యాటరీలో సిలికాన్ కలిపిన ఆనోడ్ (రుణ ఎలక్ట్రోడ్) పూత రాగి రేకు నుంచి ఊడిపోతోంది, ఏం మార్చాలి?

ఎం.టెక్ ప్రాజెక్టు కోసం కాయిన్ సెల్స్ (నాణెం ఆకారంలో ఉండే చిన్న బ్యాటరీలు) చేస్తున్నాను. ఉత్త గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్ దాటదు కాబట్టి 10 శాతం నానో సిలికాన్ కలిపాను. బైండర్ (పొడిని రేకుకి పట్టి ఉంచే జిగురు) సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్), ఎస్‌బీఆర్ (స్టైరీన్ బ్యూటడయీన్ రబ్బరు). ఎలక్ట్రోలైట్‌లో ఎఫ్‌ఈసీ (ఫ్లోరోఎథిలీన్ కార్బొనేట్) కూడా ఉంది.

మొదట్లో కెపాసిటీ 600 దాకా వస్తోంది, ఆపైన రోజురోజుకీ దిగజారుతోంది. సెల్ విప్పి చూస్తే పూతంతా ఎండిన చెరువులా నెర్రెలిచ్చి, ట్వీజర్ తగిలితే చాలు పెచ్చులుగా లేస్తోంది. లిథియం ఎక్కితే సిలికాన్ ఉబ్బి పరిమాణంలో దాదాపు నాలుగింతలవుతుందని తెలుసు. కానీ 10 శాతానికే ఇంతలానా? (పేపర్లలో గ్రాఫులన్నీ గీత గీసినట్టే ఉంటాయి మరి!)

పాలీఅక్రిలిక్ యాసిడ్ బైండర్‌కి మారితే పట్టు నిలుస్తుందా? పూతను రోలర్ కింద బాగా నొక్కుతున్నాను. ఉబ్బడానికి చోటు ఉండాలంటే తక్కువ నొక్కాలా? అలా చేస్తే సెల్ మందం పెరుగుతుందని మా గైడ్ గారి అభ్యంతరం. సిలికాన్ ఆక్సైడ్ తక్కువ ఉబ్బుతుంది గానీ మొదటి సైకిల్‌లోనే లిథియం ఎక్కువ తినేస్తుంది, అందుకే వెనకాడుతున్నాను.

ల్యాబ్‌లో స్వయంగా చేసినవాళ్లెవరైనా ముందు దేన్ని మార్చాలో చెప్పండి ప్లీజ్. ఫొటోలు కావాలంటే పెడతాను.