ఐర్లాండ్ ఖైదీ తల్లుల రికార్డులు చదవడం తెలిసినవాళ్లు ఉన్నారా?

నమస్తే అండీ. నేను ఆస్ట్రేలియాలోని టాస్మానియా రాష్ట్రంలో, హోబార్ట్‌లో ఉంటాను. మొన్న కాస్కేడ్స్ ఆడఖైదీల జైలు చూసొచ్చాను, 1828లో తెరిచారు, ఇప్పుడు మిగిలింది చాలావరకు రాతిగోడలే, అప్పటినుంచి మనసు మనసులో లేదు. 1845లో డబ్లిన్ వైపు నుంచి ‘టాస్మానియా’ అనే ఓడలో ఇక్కడికి పంపిన ఐర్లాండ్ ఆడవాళ్లలో ఎలైజా డేవిస్ ఒకరు. అనాథగా పెరిగింది, కన్నబిడ్డను చంపిందని ఉరిశిక్ష వేసి, తర్వాత దాన్ని జీవితాంతం ద్వీపాంతరవాసంగా మార్చారు. పాపం, అప్పటికి ఆమె వయసెంతని!

ఖైదీల ప్రవర్తన రికార్డులు టాస్మానియా లైబ్రరీ వాళ్లు ఆన్‌లైన్‌లో ఉచితంగానే పెట్టారు, కానీ అంతా గొలుసుకట్టు రాత, సగం మాటలు కుదించి రాసినవే, ఒక్కో పేజీకి గంట పడుతోంది. వాటిని చదవడం అలవాటున్నవాళ్లు ఎలా మొదలుపెట్టాలో చెప్తారా? ఇంకోటి, ఖైదీ తల్లుల పిల్లల్ని అనాథాశ్రమంలో పెట్టేవారు కదా, విడుదలయ్యాక తల్లి బిడ్డను తిరిగి తెచ్చుకుందో లేదో ఏ రిజిస్టర్‌లో వెతకాలి?