బ్లడ్‌లైన్స్ 2: మల్కేవియన్‌గా ఆడినవాళ్లకి నచ్చుతుందా?

మాది ఒంగోలు, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. వాంపైర్‌గా (రక్తం తాగే పిశాచిగా) ఆడే వీడియో గేమ్ బ్లడ్‌లైన్స్ 2 కొనాలా వద్దా అని నెల రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను. మొదటి గేమ్ పూర్తి చేసినవాళ్లు చెప్పండి.

నేను పాతదాన్ని 2011లో హాస్టల్లో ఆడాను, రూమ్మేట్ నిద్రపోయాక వాడి లాప్‌టాప్‌లో. అందులో మన వాంపైర్‌కి ఒక వంశం ఎంచుకోవాలి, నేను తీసుకున్నది మల్కేవియన్. మతి చెదిరినవాళ్ల వంశం అది. మనం పలికే మాటలన్నీ వాళ్లకోసం వేరే రాశారు. రోడ్డు పక్కన స్టాప్ బోర్డుతో గొడవ, టీవీలో వార్తలు చదివేవాడితో సంభాషణ! చివర్లో బయటపడే సంగతులు కొన్ని ముందే నా పాత్ర మాటల్లో ఉన్నాయని రెండోసారి ఆడితేగానీ తెలియలేదు. తర్వాత వికృత రూపం ఉండే నోస్ఫెరాటు వంశం తీసుకుంటే, ఆ మొహం మనుషుల కంట పడకూడదు కాబట్టి మురుగు కాలవల్లోంచే తిరిగాను. అదే లాస్ ఏంజెలెస్, కానీ పూర్తిగా వేరే ఆట. ఓషన్ హౌస్ హోటల్లో కొట్టడానికి ఒక్క శత్రువు కూడా ఉండడు. అయినా అంత భయం నాకు మరే గేమ్‌లోనూ కలగలేదు.

2019 మార్చిలో రెండో భాగం ప్రకటించారు, 2020లో వస్తుందన్నారు. 2021లో దాన్ని తయారుచేస్తున్న హార్డ్‌సూట్ ల్యాబ్స్ స్టూడియోని తప్పించారు. చివరికి ది చైనీస్ రూమ్ అనే మరో స్టూడియో చేతుల మీదుగా 2025 అక్టోబర్ 21న వచ్చింది. ఈలోగా నాకు పెళ్లయింది, పాప పుట్టింది. పాప పడుకున్నాక రోజుకి రెండు గంటలే దొరుకుతాయి. ఇందులో మల్కేవియన్ వంశం లేదంటున్నారు. అదే నా బాధ.

ఇందిరానగర్ నుంచి:
బ్రో, నేను పూర్తి చేశాను. మన పాత్ర పేరు ఫైర్, శతాబ్దాల వయసున్న వాంపైర్, అంటే ఎల్డర్. ఆ గతం మనం మార్చలేం. తుపాకులు వెంట ఉంచుకోవడం కూడా లేదు, మనోశక్తితో గాల్లోకి లేపి పేల్చడమే. చిన్న చిన్న పనులు అప్పగిస్తారు, వెళ్లి చంపి రావడమే, విసుగొచ్చింది. కానీ ఫైర్ తలలో ఫాబియన్ అని ఒక డిటెక్టివ్ గొంతు ఉంటుంది. అతను మల్కేవియన్! అతని జ్ఞాపకాల్లోకి వెళ్లి అతనిగానే ఆడతాం. నాకు గేమంతటిలో బాగా నచ్చింది ఆ భాగాలే. టొరియడోర్, లసోంబ్రా వంశాలకి విడిగా డబ్బులు అడుగుతామన్నారు. ఫ్యాన్స్ గట్టిగా అడ్డం తిరిగాక అసలు గేమ్‌లోనే ఇచ్చారు.

జయనగర్ నుంచి:
తమ్ముడూ, ఒక్క మాట. ఈ గేమ్‌లకి మూలమైన, 1991లో వచ్చిన పాచికల ఆట నుంచీ నాకు ఈ లోకం తెలుసు. మొదటి బ్లడ్‌లైన్స్ 2004 నవంబర్ 16న, సరిగ్గా హాఫ్-లైఫ్ 2 అనే పెద్ద గేమ్ వచ్చిన రోజే, సగం ఉడికినట్టు విడుదలైంది. కొన్ని నెలలకే దాన్ని తయారుచేసిన ట్రోయికా స్టూడియో మూతపడింది. నువ్వు ఆడింది అభిమానులు ఏళ్ల తరబడి ప్యాచ్‌లతో బాగుచేసినదేమో, అప్పటికే ఏడేళ్లు గడిచాయి కదా. దానితో పోల్చి కొత్తదాన్ని కొట్టేయకు. పైగా ఎల్డర్‌గా ఆడటం పాత గేమ్‌లో లేని అనుభవం. అక్కడ మనం అప్పుడే రక్తం రుచి చూసిన పిల్లలం.

మారతహళ్లి (అడిగినవాణ్ణే):
అక్కా, అప్పట్లో ప్యాచ్ ఉందో లేదో గుర్తులేదు. ఫాబియన్ సంగతి అసలు తెలియదు, శనివారం కొంటాను. బ్రో, మొదటిసారికి ఏ వంశం?

ఇందిరానగర్ నుంచి:
బాను హకీమ్. చప్పుడు లేకుండా వెనక నుంచి పని కానివ్వొచ్చు.